మట్టి దాతా సుఖీభవ!

బలి చక్రవర్తి మూడడుగుల నేల దానం ఇచ్చాడని యుగాల తరబడి పొగుడుతున్నాం. అదైనా వామనుడు గడప తొక్కి చెయ్యి చాస్తే ఇచ్చింది. మధ్యలో శుక్రాచార్యులవారు అడ్డుపడటం, కన్ను పోగొట్టుకోవడం, నానా యాగీ. గుత్తేదారు గారూ, తమ దానంలో ఆ రభస ఏదీ ఉండదు. అడిగేవాడు అక్కర్లేదు, వద్దనే గురువు లేడు. రాయచూరులో ఒక్క గట్టి వాన పడితే చాలు, తమ సైటులో నేల తనంతట తానే కదిలి, గేటు దాటి, రోడ్డెక్కి, మోరీలో దిగి, ఊరందరికీ అందుతుంది. కులం అడగదు, కార్డు అడగదు. బీపీఎల్ కార్డు ఉన్నవాడి గుమ్మంలోకీ వస్తుంది, ఆదాయపు పన్ను కట్టేవాడి గుమ్మంలోకీ వస్తుంది. సర్కారు పథకాల్లో కూడా ఇంత సమదృష్టి మేం చూడలేదు.

తమ దానం ఎంత గొప్పదో తెలియాలంటే ముందు ఈ నేల ఎంత ఖరీదైనదో తెలియాలి. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న ఈ అంతర్వేది కోసం విజయనగర రాయలూ బహమనీ సుల్తానులూ, వాళ్ళ తర్వాత బీజాపూరు ఆదిల్‌షాహీలూ తరతరాలు తలలు పగలగొట్టుకున్నారు. 1520లో కృష్ణదేవరాయలు రాయచూరు కోటను ముట్టడించినప్పుడు గోడలు కూల్చడానికి పెట్టిన కూలి పద్ధతిని నూనిజ్ అనే పోర్చుగీసు వర్తకుడు రాసిపెట్టాడు. గోడలోంచి ఊడబెరికి తెచ్చిన రాళ్ళను సేనానాయకులు కొనేవారట. రాయి ఎంత పెద్దదైతే అంత ఎక్కువ డబ్బు. ఊడదీసినదానికి కొలత, కొలతకు డబ్బు! ఐదు వందల ఏళ్ళు గడిచినా తమరు ఆ సంప్రదాయం తప్పలేదు. తవ్విన మట్టికి ఘనమీటరు లెక్కన బిల్లు, పోసిన మొరానికి ఘనమీటరు లెక్కన బిల్లు. వానకు పోకుండా ఉన్నచోటనే ఉంచిన మట్టికి మాత్రం రాయలవారి కాలంలోనూ రేటు లేదు, తమ కాలంలోనూ లేదు.

ఆ కోటలోనే 1294 నాటి కాకతీయుల శాసనం ఒకటుంది. నలభై అడుగుల పైచిలుకు పొడవున్న ఒకే రాతి మీద చెక్కించారు. అంత రాతిని బండి మీద ఎలా లాక్కొచ్చారో ఆ బొమ్మ కూడా గోడ మీద చెక్కారు. ఏం మోశాం, ఎలా మోశాం అన్నది నలుగురికీ తెలియాలని వాళ్ళ తాపత్రయం. తమ టిప్పర్లు కూడా ఏదీ దాచుకోవు. సైటులోంచి బయటికొచ్చే ప్రతి చక్రమూ తాను ఎక్కడ తిరిగిందో తారు మీద రాసుకుంటూ పోతుంది. ఆ ఎర్ర చారను పట్టుకుని వెనక్కి నడిస్తే కళ్ళు మూసుకుని తమ గేటు చేరవచ్చు. కాకతీయుల శాసనం చదవడానికి పురావస్తు శాఖవారు కావాలి. తమది చదవడానికి, తొలకరి తుంపర పడ్డాక స్కూటరు మీద ఒక మలుపు తిరిగితే చాలు.

ఈ మధ్య లింగసూగూరు రోడ్డు వైపు ఒక లేఅవుటు చూశాను. ఎవరిదో చెప్పను. గుప్తదానం చేసేవాళ్ళ పేరు బయటపెట్టడం మర్యాద కాదు. మొన్నమొన్నటి దాకా అది కంది చేను. వ్యవసాయేతర భూమిగా మార్చే ఎన్ఏ ఆర్డరు చేతికి రాగానే ఎండల్లో జేసీబీలు దిగి చేనంతా ఒక్కసారే గీకేశాయి. ముందు కట్టబోయేది ఒక మూలన నాలుగిళ్ళే. మిగతా ప్లాట్లు అమ్ముడయ్యేది ఎప్పుడో, కొన్నవాడు పునాది తీసేది ఎప్పుడో ఆ దేవుడికే తెలియాలి. అయినా మొత్తం విప్పేశారు. చూడ్డానికి వచ్చినవాడికి నేల చదునుగా, ప్లాటు రాళ్ళు వరసగా కనబడాలట. గట్లు పోయాయి. గట్ల మీద గరిక పోయింది. దిగువ అంచున ఇన్నాళ్ళూ నీటి జోరు ఆపిన కంపచెట్ల వరస పోయింది. పైన గీకిన నల్లమట్టి ఒక గుట్ట, కిందినుంచి తవ్వితీసిన సుద్దమట్టి ఒక గుట్ట, బయటినుంచి తోలించిన మొరం ఒక గుట్ట. మూడు గుట్టలూ మోరీ ఒడ్డునే పోశారు. కాశీకి పోలేనివాళ్ళకు గంగ దగ్గరికే వచ్చే ఏర్పాటు చేయడం ఎంత పుణ్యం!

మృగశిర కార్తెలో ఒక రాత్రి వాన దంచింది. మర్నాడు పోయి చూస్తే ముందు కంటబడింది సైటును ఆనుకుని ఉన్న సున్నం గోడ. నేలనుంచి మోకాలి ఎత్తు దాకా ఎర్ర చుక్కలు. కింద ఒత్తుగా, పైకి పోయేకొద్దీ పలచగా. గోడ దగ్గర ఏ వాగూ పారలేదు. అది చినుకుల పని. పెద్ద వాన చినుకు సెకనుకు దాదాపు 9 మీటర్ల వేగంతో వచ్చి తగులుతుంది. నేల నగ్నంగా ఉంటే ఆ దెబ్బకు మట్టి నలుసులు రెండడుగుల ఎత్తుకూ, ఐదడుగుల దూరానికీ ఎగిరి పడతాయి. నీళ్ళు పారడం ఆ తర్వాతి సంగతి. చినుకు పగలగొట్టి ఇస్తే నీరు మోసుకుపోతుంది, అంతే. నేల మీద ఇంత ఎండుగడ్డి పరిచి ఉంటే ఆ దెబ్బ గడ్డి మీద పడి ఊరుకునేది. మరి అప్పుడు తమ కీర్తి గోడకెక్కేదా?

గుట్టల దగ్గరికి పోతే ఆ కీర్తి ఎలా పెరిగిందో మెట్టు మెట్టుగా కనబడింది. గుట్ట నెత్తిన వేలు పట్టేంత చారలు. నడుము దగ్గర నాలుగైదు చారలు కలిసి చెయ్యి దూరేంత కోత. మోరీ దగ్గరికి వచ్చేసరికి మనిషి కాలు మోకాలి దాకా దిగబడేంత గండి. ఆ గండి కొసన మోరీ లేదు. ఉంది గానీ లోపల మట్టి తప్ప ఖాళీ లేదు.

దిగువన అర ఎకరం పత్తి. అప్పుడే రెండాకులు విప్పిన మొలకలు. వాటి మీద వేలి మందాన బురద పరుచుకుని, ఎండకు పెచ్చుకట్టింది. ఆ చేను గలావిడ గొంతుకు కూర్చుని ఒక్కో పెచ్చూ గోటితో విరిచి పక్కన పెడుతోంది. పెచ్చు కింద మొలక మెడ వంచుకుని, పాలిపోయి ఉంది. కొన్ని లేచాయి. చాలా లేవలేదు. సైటు మేస్త్రీ మంచివాడు, చేను గట్టు మీదికి వచ్చి ఓదార్చాడు: "ఎందుకక్కా బాధ? ఒండ్రు పడింది. ఈ ఏడు నీకు ఎరువు ఖర్చు మిగిలినట్టే."

ఆ మాటలోని ఉదారత్వానికి నేను కరిగిపోయాను. ఏటి ఒండ్రు అంటే ఎగువ పొలాల పైమట్టి, ఆకూ అలమూ కుళ్ళింది, నది నిదానంగా వదిలిపోయింది. ఇక్కడ పడింది ఆరడుగుల లోతునుంచి తీసిన సుద్ద, మొరం నలుసు, కాంక్రీటు మిల్లరు కడిగిన సిమెంటు నీళ్ళు. కానీ దానం ఇచ్చిన ఆవు పళ్ళు లెక్కపెట్టకూడదు గనక ఆవిడ ఏమీ అనలేదు. పెచ్చులు విరుచుకుంటూనే ఉంది.

నల్లరేగడిని ఎన్నుకోవడంలోనే తమ ప్రతిభ ఉంది. ఎండాకాలం అది చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుకుంటుంది. తొలి వాన ఆ నెర్రెల్లోకి దిగిపోతుంది. ఆ తర్వాత మట్టి ఉబ్బి, నెర్రెలు మూసుకుని, పైన పడే చినుకును లోపలికి రానివ్వదు. ఇక పడ్డ నీరు పడ్డట్టు పారాల్సిందే. రాయచూరులో ఏడాదికి ఆరువందల మిల్లీమీటర్ల పైచిలుకే వాన. అందులోనూ జోరు సెప్టెంబరులో, అంటే పుబ్బ, ఉత్తర కార్తెల్లో. తమరు భూమిపూజకు పంచాంగం విప్పి తిథి, వార, నక్షత్రాలు చూసి, రాహుకాలం తప్పించి, కొబ్బరికాయ కొడతారు. అదే పంచాంగంలో నాలుగు పేజీలు తిప్పితే కార్తెలుంటాయి, ఏ కార్తెలో ఎంత వానో ఉంటుంది. అది రైతులు చదివే పేజీ. పెద్దవాళ్ళు చదవరు. మార్చి నెలాఖరుకు బిల్లు పాసవ్వాలి, ఏప్రిల్, మే నెలల్లో నేల విప్పాలి, జూన్‌లో కూలీలు పొలం పనులకు పోతారు, పని ఆగాలి. అలా సరిగ్గా వానలు మొదలయ్యే వేళకు నేలను ఒళ్ళు విప్పి పడుకోబెట్టి, వానలు వెనకబట్టాక దసరా దాటి మళ్ళీ పని మొదలుపెట్టే ఈ కాలజ్ఞానం ఏ బ్రహ్మంగారి దగ్గర నేర్చారో!

అలాగని తమరు జాగ్రత్తలు తీసుకోలేదని ఎవరైనా అంటే వాళ్ళ కళ్ళు పోతాయి. సైటు మూలన ఒక గుంట తవ్వించారు. బురదనీళ్ళు అందులో నిలిచి, మట్టి అడుగుకు దిగి, తేట నీరు పైనుంచి పోవాలని దాని ఉద్దేశం. శాస్త్రం ఒప్పుకునేదే. సన్నని ఇసుక రేణువు కదలని నీళ్ళలో మీటరు లోతు దిగడానికి రెండు నిమిషాలు చాలు. నల్లరేగడిలో ఉండే అతి సన్నని బంకమట్టి రేణువుకు, రెండు మైక్రాన్లదానికి, అదే మీటరు దిగడానికి సుమారు మూడు రోజులు పడుతుంది. ఆ మూడు రోజులూ నీరు కదలకుండా ఉండాలి. తమ గుంట మొదటి వానకే మట్టితో నిండిపోయింది. నిండినదాన్ని తీయించాలని ఎక్కడా రాసి లేదు గనక తీయించలేదు. రెండో వాన దాని మీదుగా అతిథి మర్యాదలతో దాటిపోయింది. మా అమ్మమ్మల కాలంలో వానాకాలపు ఏటి నీళ్ళకు కుండ లోపల చిల్లగింజ అరగదీసి తేర్చుకునేవాళ్ళు. ఇప్పుడు నీటి శుద్ధి కేంద్రం ఆ పనికి పటిక పోస్తుంది. నీళ్ళలో మట్టి ఎంత ఎక్కువైతే పటిక అంత. రాయచూరు తాగేది కృష్ణ నీళ్ళూ తుంగభద్ర నీళ్ళే. అంటే తమ దానం కడుపులోకి కూడా చేరుతుంది.

గుడ్డ కంచె కూడా కట్టారు. పైదేశాల్లో సిల్ట్ ఫెన్స్ అంటారు. దాని అడుగు అంచును జానెడు లోతు కాలువ తీసి మట్టిలో పాతిపెడితేనే అది పని చేస్తుంది, లేకపోతే నీళ్ళు కిందినుంచి దూరిపోతాయి. తమరు పాతలేదు. ఆకుపచ్చ నెట్టు తెచ్చి, వెదురు బొంగులకు, రోడ్డు వైపు మాత్రం కట్టారు. వాలు మరోవైపు ఉందని కొందరు గొణిగారు. అధికారుల జీపు వచ్చేది రోడ్డు వైపునుంచేనని వాళ్ళకు తట్టలేదు. ఏది ఎటునుంచి వస్తుందో తెలిసినవాడే ఇంజనీరు.

ఇక కాగితం. ఆహా! తమ దగ్గర మట్టికి లేని రక్షణ కాగితానికుంది. కేంద్ర రోడ్డు రవాణా శాఖ వారి నిర్మాణ నిబంధనల గ్రంథంలో మట్టి కోత, పూడిక నివారణకే 306వ క్లాజు కేటాయించారు. కట్టలు, పూడిక గుంటలు, నార చాపలు, గడ్డి, వాలు కాలువలు, అన్నీ అందులో ఉన్నాయి. పైమట్టిని విడిగా తీసి, రెండు మీటర్లకు మించని ఎత్తులో కుప్పపోసి కాపాడాలని అదే గ్రంథంలో మరోచోట ఉంది. ఎంత దయ! కానీ దానికన్నా దయగల వాక్యం ఆ 306వ క్లాజు చివర ఉంది. తాత్కాలికంగా చేసే పూడిక నివారణ పనులన్నీ మట్టి పనిలో కలిసిపోయినట్టే లెక్క, వాటికి విడిగా చెల్లింపు ఉండదని దాని భావం. చెయ్యమంటారు, డబ్బు మాత్రం ఇవ్వం అంటారు. చెయ్యకపోయినా డబ్బు తగ్గదు, ఎందుకంటే అది వేరే పద్దుగా లేనే లేదు. లేని పద్దులో కోత ఎలా కోస్తారు? కోత అంతా నేలకే. ఆ వాక్యం రాసిన మహానుభావుడెవరోగానీ ఆయన విగ్రహం తమ సైటు గేటు దగ్గర పెట్టించాలి.

భవనాల విషయానికొస్తే 2006 సెప్టెంబరు నాటి పర్యావరణ అనుమతుల నోటిఫికేషను ఉంది. నిర్మాణం 20,000 చదరపు మీటర్లు దాటితే అనుమతి కావాలి. ఆ అనుమతి ఉత్తరాల్లో పైమట్టి దాచాలి, తోటలకు వాడాలి అని అచ్చుగుద్దినట్టు ఉంటుంది. రాయచూరు పక్క లేఅవుటులో ఒక్కో ఇల్లు ఒక్కో యజమానిది. ఎవరిదీ ఇరవై వేలు కాదు. ఇరవై వేల లోపు వాన పడినా మట్టి కదలదని నమ్మకం కాబోలు. ఏమైనా ఆ ఉత్తరాలు ఇన్నేళ్ళ వానలకు ఒక్క అక్షరం కొట్టుకుపోకుండా ఫైళ్ళలో భద్రంగా ఉన్నాయి.

అమెరికాలో మేరీలాండ్ అనే చిన్న రాష్ట్రం వాళ్ళు తమంతటి పెద్దమనసు లేనివాళ్ళు. వోల్మన్ అనే నదీశాస్త్రవేత్త 1960లలో అక్కడి వాగులను కొలిచి, ఊళ్ళు పెరిగేచోట నిర్మాణ స్థలాలనుంచి వచ్చే మట్టి పొలాల మట్టిని ఎన్నో రెట్లు మించిపోతోందని చూపించాడు. వెంటనే 1970లో చట్టం తెచ్చి, మట్టి ఆపే ఏర్పాటు చూపందే నేల తవ్వనివ్వం అన్నారు. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్క ప్రకారం నిర్మాణ స్థలంనుంచి పోయే మట్టి సాగుభూమి కన్నా పది ఇరవై రెట్లు, అడవి నేల కన్నా వెయ్యి రెండువేల రెట్లు. అడవి వెయ్యేళ్ళు తపస్సు చేసి ఇచ్చేది తమరు ఒక్క వానాకాలంలో ఇచ్చేస్తారన్నమాట. దీనికి అక్కడ జరిమానాలు. గుణగ్రహణ లేని దేశం!

మన దేశం లెక్క కూడా పాతదొకటుంది. 1983లో ధ్రువనారాయణ, రాంబాబు అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దేశంలో ఏటా 533 కోట్ల టన్నుల మట్టి కదులుతోందని లెక్కగట్టారు. అందులో దాదాపు మూడో వంతు సముద్రంలోకి, పదో వంతు జలాశయాల్లోకి, మిగతాది ఒకరి చోటునుంచి ఇంకొకరి చోటికి. ఆ మూడో రకమే తమ ప్రత్యేకత: ఒకరి కంది చేనునుంచి ఇంకొకరి పత్తి చేనుకు, ఇంకొకరి చేనునుంచి మరొకరి గుమ్మంలోకి.

ఆ లెక్కలకు రాయచూరు కొత్త కాదు. 1930లలో మెట్ట సేద్యం పరిశోధనకు దేశంలో ఎంచుకున్న ఐదు చోట్లలో షోలాపూరు, బీజాపూరు, హగరి, రోహ్‌తక్‌లతో పాటు రాయచూరు ఒకటి. పడ్డ వానను, ఉన్న మట్టిని చేనులోనే ఎలా నిలుపుకోవాలన్నదే ఆ పరిశోధన సారం. పక్కన బళ్ళారిలో 1954నుంచీ నేల సంరక్షణ కేంద్రం ఈ నల్లరేగడి మీదనే పనిచేస్తోంది. వాలుకు అడ్డంగా గట్టు, గట్టు మీద గడ్డి, నీరు దాటేచోట రాళ్ళ పేర్పు. ఇదే వాళ్ళ వేదం. కర్ణాటకలోనే గుండ్లుపేట వైపు రైతులు శాస్త్రవేత్తలు చెప్పకముందే పొలం హద్దుల్లో వట్టివేరు నాటుకుని మట్టి ఆపుకునేవాళ్ళు. చేనులో అన్నేళ్ళ పాటు నేర్చుకున్న ఈ విద్య, ఆ చేను ఎన్ఏ అయిన మర్నాడు పనికిరాకుండా పోయింది. కాగితం మీద నేల రకం మారితే మట్టి స్వభావమూ మారుతుందని కనిపెట్టిన తమ ముందు ఆ కేంద్రాలన్నీ ఎందుకూ?

పిరికివాళ్ళు చేసే పనులు నాకు తెలుసు. కట్టబోయే మేరకే నేల విప్పుతారు. మిగతాది గడ్డితో అలాగే ఉంచుతారు. ఎగువ అంచున కాలువ తీసి బయటి నీళ్ళను సైటులోకి రానివ్వకుండా పక్కకు మళ్ళిస్తారు. గేటు దగ్గర పెద్ద కంకర పరిచి, టైర్ల మట్టి అక్కడే రాలేట్టు చేస్తారు. మట్టి గుట్టను మోరీకి దూరంగా పోసి తార్పాలిన్ కప్పుతారు. కొత్త కట్ట వాలు మీద వరిగడ్డి పరిచి, మధ్యలో గరిక నాటుతారు. వరిగడ్డికి ఇక్కడేం కరువు? సింధనూరు, మాన్వి వైపు క్యాంపుల్లో, మన తెలుగువాళ్ళు తుంగభద్ర కాలువ వచ్చిన కొత్తలో కోస్తానుంచి వచ్చి స్థిరపడ్డ ఊళ్ళలో, మిషను కోత తర్వాత మిగిలిన గడ్డిని చేలోనే తగలబెట్టేవాళ్ళున్నారు. ఇటు పొగ, పక్కనే రోడ్డు కట్ట మీద కోతలు. రెండు మహాదానాలు ఒకే ఊరి పొలిమేరలో జరుగుతుంటే ఎవరిని ముందు పొగడాలో తెలియక నేను అప్పుడప్పుడు తికమకపడతాను.

తమ దానం జిల్లా దాటి రాష్ట్రాలు దాటుతుంది. ఈ నదుల నీళ్ళ కోసం పోట్లాటకు అంతు లేదు. 1973లో బచావత్ ట్రిబ్యునల్ పంచింది, తర్వాత బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్ కూర్చుంది, రాజోలిబండ దగ్గర తూముల కోసం గొడవలు పడ్డారు. నీటి చుక్క చుక్కకూ లెక్క. మట్టికి మాత్రం ఎవరూ వాటా అడగలేదు, ఎవరూ వద్దనలేదు. కృష్ణలో కలిసిన మట్టి జూరాలకు, తుంగభద్రలో కలిసింది సుంకేసులకు, రెండూ కలిసి శ్రీశైలానికి. కట్టినప్పుడు 308 టీఎంసీలు పట్టిన శ్రీశైలానికి ఇప్పుడు లెక్కల్లో చూపించే నిల్వ 215 టీఎంసీల చిల్లర. ఎగువన తుంగభద్ర డ్యాం 1953లో 133 టీఎంసీలకు కట్టుకున్నది, 2016 సర్వే నాటికి 105 టీఎంసీల పైచిలుకుకు వచ్చింది. 2024 ఆగస్టులో ఆ డ్యాం 19వ గేటు కొట్టుకుపోతే రాత్రికి రాత్రి మూడు రాష్ట్రాలు ఉలిక్కిపడ్డాయి. 27 టీఎంసీల చోటు మింగేసి డెబ్బై ఏళ్ళుగా చప్పుడు చేయకుండా కూర్చున్న మట్టిని చూసి ఎవరూ నిద్ర లేవలేదు. ఇప్పుడు పోయిన ఆ చోటుకు బదులుగా కొప్పళ జిల్లా నవలి దగ్గర ఇంకో జలాశయం కట్టాలని ప్రతిపాదన. మట్టి వల్ల పోయిన చోటు కోసం మళ్ళీ కొండంత మట్టి పని!

ఇక్కడ న్యాయంగా మాట్లాడాలి. ఆ డ్యాముల్లో నిండినదంతా తమ ఘనతే అంటే అతిశయోక్తి. తుంగభద్ర డ్యాంకు రాయచూరు దిగువన ఉంది, తమ మట్టి ఎగువకు ఎక్కదు. మలెనాడునుంచి వచ్చే నదులు, నరికిన కొండవాలులు, సండూరు గనులు, గట్లు లేని పొలాలు, ఎవరి వంతు వాళ్ళు వేశారు. శ్రీశైలంలో కూడా తమది చిటికెడే. కానీ చిటికెడు ఇచ్చినవాడు ఊరికే ఉండడు. రోడ్డు వెడల్పు పని, లేఅవుటు, ఊరి చుట్టూ లేచే గోదాములు, ప్రతి సైటూ నాది చిటికెడే అంటుంది. వానాకాలం ఆ చిటికెళ్ళన్నీ ఒకే మోరీలో కలుస్తాయి.

తమ దానాల్లో అన్నిటికన్నా దొడ్డది ఉపాధి కల్పన. తమ సైటు మట్టి పోతే ఆ మట్టి తీసే పని పుడుతుంది. మోరీలో పూడిక తీయాలి, దానికి అంచనా, దానికి టెండరు. చెరువులో పూడిక తీయాలి, మరో టెండరు. ఉపకాలువలో మట్టి పేరుకుని చివరి పొలాలకు నీళ్ళందకపోతే రైతులు రాస్తారోకో చేస్తారు, అప్పుడు ఇంకో టెండరు. తీసిన మట్టి మళ్ళీ గట్టు మీదనే పోస్తారు, వచ్చే ఏటి టెండరుకు అది బయానా. మట్టి తవ్వితే డబ్బు, మట్టి పోస్తే డబ్బు, పోయిన మట్టి ఎత్తితే డబ్బు. ఆపితే మాత్రం మూడో పనికి గుండుసున్నా. ఇంత చక్కటి ఆర్థిక శాస్త్రం అర్థశాస్త్రం రాసిన చాణక్యుడికి కూడా తట్టలేదు.

మొన్న మా వీధి వాళ్ళు మోరీ గురించి అర్జీ ఇచ్చారు. లింగసూగూరు రోడ్డు లేఅవుటు దిగువన ఉన్న మోరీయే. పూడిక తీతకు అంచనా తయారైందట, టెండరు పిలుస్తారట. తమరే వేయండి. ఆ మట్టి ఎక్కడెక్కడ ఎంత లోతున ఉందో తమకన్నా బాగా తెలిసినవాళ్ళు ఈ జిల్లాలో లేరు.